ఎసరు పెట్టమన్న కూత

క్యారియర్ ఒళ్లో పెట్టుకుని మా అక్క కారు వెనక సీట్లో కూర్చుంది. ముందు సీట్లో నేను. డ్రైవింగ్ మా మేనకోడలు ఉష. కూర్మన్నపాలెం నుంచి కంచరపాలెం దాకా ఆ కారులో మాట్లాడిన ప్రాణిని నేనొక్కణ్నే. ఎండ గురించి మాట్లాడాను, ఫ్లైఓవర్ గురించి మాట్లాడాను, ఉల్లిపాయల ధర గురించి కూడా మాట్లాడాను. కిరాణా కొట్లో పుట్టి పెరిగినవాణ్ని. ఎదుటివాడు నోరు తెరవకపోతే బేరం తెగదని నా నమ్మకం. కానీ తల్లీకూతుళ్లిద్దరూ అమ్మేదీ లేదు, కొనేదీ లేదు అన్నట్టు కిటికీల్లోంచి చెరో పక్కకి చూస్తున్నారు.

మా బావ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆరోజు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఆ క్యారియర్ బరువు మీకు తెలియదు. బావ ఆస్పత్రిలో ఉన్నాడు. ఉష రాత్రంతా అతని మంచం పక్కనే కూర్చుని, పొద్దున్నే ఏమీ తినకుండా పరవాడలో తన మందుల కంపెనీకి డ్యూటీకి వెళ్లింది. అక్కడ లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. మధ్యాహ్నం విరామంలో బయటికొచ్చి తల్లికి ఫోన్ చేసింది. అప్పటికే బావ "ఉషేదీ, ఉషొచ్చిందా" అని అడుగుతున్నాడు. మా అక్క మాత్రం ఫోన్లో, "నాన్న పడుకున్నాడే. నువ్వు ముందు అన్నం తినీసి, డ్యూటీ అయినాక రా" అంది. డ్యూటీ అయ్యేదాకా బావ ఆగలేదు. తండ్రి తనకోసం అడిగాడని ఉషకి తరవాత నర్సు ద్వారా తెలిసింది.

అంతే. ఆ పిల్ల తల్లిని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. కర్మకాండలన్నీ సక్రమంగా జరిపించింది, మందులు కొని పంపిస్తుంది, కరెంటు బిల్లు కడుతుంది. తల్లి వండింది మాత్రం ముట్టదు. అక్క వండి పంపిస్తుంది, గిన్నెలు మూత తీయకుండానే తిరిగొస్తాయి. ఒకసారి నేను మధ్యలో దూరితే ఉష అన్నది ఒక్కటే: "ఆయన నన్ను పిలుస్తంటే, నేను క్యాంటీన్లో పెరుగన్నం తింటన్నాను మావయ్యా. ఆ ముద్ద ఇప్పటికీ దిగలేదు నాకు." శ్మశానంలో కట్టెలవాడితో కూడా ధర తగ్గించమన్న వంశం మాది. ఆ మాట దగ్గర నేనే బేరం వదిలేసి లేచొచ్చాను.

ఇలాంటి రోజుల్లో కంచరపాలెంలో మా పాత రైలింజన్ల షెడ్డు దగ్గర ఆవిరి ఇంజన్ను ఒకదాన్ని బాగుచేసి, కాస్త దూరం పట్టాలేసి, సెలవురోజుల్లో నిప్పు వేసి నడుపుతున్నారని తెలిసింది. ఆ రోజుల్లో దానిమీద పనిచేసినవాళ్లెవరైనా బతికుంటే పిలిచి కూత తాడు చేతికిస్తున్నారట. ఈ ఆదివారం పైడిరాజు వస్తాడట. ఈ చివరి ముక్క అక్క చెవిన పడకుండా జాగ్రత్తపడదామనుకుంటూ ఉండగానే ఆమె నాకు ఫోన్ చేసింది.

"ఒరే తమ్ముడా, ఆదివారం నన్ను ఇంజన్ కాడికి తీసుకెళ్లు. ఉషని కూడా రమ్మను."

"అక్కా, అక్కడికి..."

"పైడిరాజొస్తన్నాడు. తెలుసు. అందుకే రమ్మంటన్నాను."

మా బావ ఇంజన్ డ్రైవరుగా ఉన్నప్పుడు పైడిరాజు ఆయన దగ్గర బొగ్గు వేసే ఫైర్‌మన్. అతను కళ్లముందు కనబడితే పేడనీళ్లు కుమ్మరిస్తానని మా అక్క చిన్న వయసులో ఒట్టేసింది, ముసలితనం దాకా ఆ ఒట్టు నిలబెట్టుకుంది. అందుకని ఆదివారం పొద్దున్న ఆవిడ క్యారియర్‌తో కారెక్కుతుంటే అందులో పేడనీళ్లేమోనని నాకు అనుమానం. సాయం పట్టినట్టు నటిస్తూ ఎత్తి చూశాను. బరువుగానే ఉంది. మూత దగ్గర ముక్కు పెట్టబోతే అక్క నా చేతిమీద ఒక్కటి చరిచింది. "కొట్లో బెల్లం వాసన సూసినట్టు సూడకు." ఇక ఉషని ఎలా రప్పించానంటారా? మామూలు పద్ధతే. వారం రోజులు తల్లి దగ్గర ఉండమని అడిగాను, కుదరదంది. ఒక పూట అన్నాను, కుదరదంది. సరే, కారు తోలి దింపెయ్యి చాలు, నువ్వెవరితోనూ మాట్లాడక్కర్లేదు అన్నాను. నాక్కావలసింది మొదటినుంచీ అదే.

మా నాన్న కొట్టు షెడ్డుకి వెళ్లే దారిలో ఉండేది. పొద్దున కడిగిన అరుగు మధ్యాహ్నానికి నల్లగా అయ్యేది. పంచదార డబ్బామీద తడిగుడ్డ, పిండి డబ్బామీద తడిగుడ్డ, మా నాన్న నెత్తిమీద తడిగుడ్డ. అంత చేసినా మా ఇంటి మజ్జిగలో బొగ్గునుసి తేలేది. కిరసనాయిలు వాసన, బెల్లం వాసన, జాలరిపేట నుంచి వచ్చే ఆడవాళ్లు గంపలు దించి మంచినీళ్లు తాగుతుంటే వచ్చే చేపల వాసన, వాటన్నిటిమీదా దుప్పటి కప్పినట్టు బొగ్గుపొగ. ఇప్పుడు నా మనవలు ఆ వాసనలో ఒక్క పూట ఉంటే ఆస్పత్రికి పరిగెత్తాలి. మేము దాన్ని గాలి అనుకునేవాళ్లం.

షెడ్డు చుట్టుపక్కల ఇళ్లల్లో గడియారం ఉన్నా దానివంక ఎవరూ చూసేవారు కాదు. ఒక్కో డ్రైవరుకి ఒక్కో కూత. బండి ఊరి పొలిమేరకొచ్చేసరికి తాడు లాగి తన కూత తను కూసేవాడు. ఒకాయనది పిల్లి ఏడ్చినట్టు ఉండేది. ఇంకొకాయనది మూడు గుద్దులు గుద్ది ఊరుకునేది. ఆయన భార్యతో మాట్లాడేదీ అంతే. కూత వినపడగానే ఆ ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టాలి. అతను ఇంజన్ను షెడ్డుకి చేర్చి, లెక్కలు అప్పజెప్పి, పంపు కింద ఒళ్లు రుద్దుకుని ఇంటికొచ్చేసరికి అన్నం వార్చి సిద్ధంగా ఉంటుంది. ముందు పెడితే చల్లారిపోతుంది, తరవాత పెడితే మొగుడు అరుస్తాడు. మా నాన్న ఈ కూతలన్నీ కంఠస్థం పట్టాడు. పిల్లికూత వినగానే, "అదిగో, పప్పుకి మనిషొస్తాది" అని తరాజు తుడిచేవాడు. బేరం లేదు: రావడం, తూకం వేయించుకోవడం, పోవడం. నాన్న గట్టి వ్యాపారి; ఏ ఇంట్లో ఏ పూట ఎసరు పెడతారో తెలిసినవాడికి ధర తగ్గించాల్సిన పనేముంది?

మా బావ కూత వేరు. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, దాని చివర తాడు వదిలీ వదలకుండా చిన్న తోక. లేగదూడ తల్లిని వెతుక్కున్నట్టుండేది ఆ తోక. అక్కా బావా మా కొట్టు వెనక గదుల్లోనే ఉండేవారు. నాకు అప్పుడప్పుడే మీసం వస్తోంది. గల్లాపెట్టె దగ్గర కూర్చోనిచ్చారన్న పొగరు. బావ కూత వినపడితే అక్కడ్నుంచే "అక్కా, ఎసరూ!" అని కేకేసేవాణ్ని. ఆవిడకీ వినపడేది. అయినా నా కేక కోసం ఒక్క క్షణం ఆగి, "ఆఁ, పెడతన్నాను" అని, అప్పుడు పెట్టేది. కొత్త కాపురం కదా, తనకే ముందు వినపడిందని మాకు తెలియడం ఆవిడకి సిగ్గు. బావ డ్యూటీకి వెళ్లేముందు చేతులకి కొబ్బరినూనె రాసుకునేవాడు. వచ్చాక ఎంత ఉతికినా ఆయన బట్టలు బొగ్గు వాసనే కొట్టేవి. ఫైర్‌మన్ పైడిరాజు పార మీద నూనె రాసి, కొలిమి నోట్లో పెట్టి గుడ్డు వేయించేవాడని, దానిముందు ఏ హోటలూ పనికిరాదని చెప్పేవాడు. పైడిరాజుకి అప్పటికి పెళ్లి కాలేదు. బావని 'అన్నియ్యా' అనేవాడు, అక్కని 'వదినా'. వారంలో సగం పూటలు మా అక్క చేతి అన్నమే తినేవాడు.

ఆ ఒట్టుకి కారణమైన రోజు ఎండ మండిపోతోంది. బండి రావలసిన వేళ దాటింది. అక్క గుమ్మంలోకి వచ్చి వెళ్లింది, మళ్లీ వచ్చి వెళ్లింది. పక్కింటావిడ ఊరుకోదు కదా: "ఏటే, మీ ఆయన దార్లో ఎవులింటికైనా ఎల్లీసినాడేటి?" అక్క నవ్వింది గాని చేతిలో చీర కొంగు మెలిపెడుతూనే ఉంది. ఆఖరికి వినపడింది. రెండు పొట్టి, ఒక పొడుగు. నేను కేకేశాను. అక్క ఎసరు పెట్టింది.

ఆ రెండు పొట్టీ ఒక పొడుగుకీ తోక లేదని నాకు తరవాత తట్టింది. అక్కకి అప్పుడే తట్టిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

అన్నం వార్చింది. చేపల పులుసు దించింది. పూలు పెట్టుకుంది. నాన్న "నువ్వు తినమ్మా" అంటే "ఆయన రానీ" అంది. నీడ అరుగు దిగి రోడ్డుమీదకి పాకింది. అన్నం మీద మూత పక్కకి జరిపి చూసి మళ్లీ పెట్టేది. కొట్లోకి వచ్చిన ప్రతి చెప్పుల చప్పుడికీ తల ఎత్తేది. నేను ఎవరికి ఏం తూచానో నాకే తెలియదు. నాన్న ఒక్కసారి కూడా తిట్టలేదు. మా నాన్న తూకం తప్పినా తిట్టలేదంటే ఆయనెంత భయపడ్డాడో చూసుకోండి.

అప్పుడొచ్చాడు పైడిరాజు. మొహం కడుక్కోలేదు. కొట్టు మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

"వదినా, అన్నియ్యకి కంటికి దెబ్బ తగిలింది. పెందుర్తి కాడ. బాయిలర్లో నీళ్లు సూసే గాజుగొట్టం పేలిపోనాది. జీపులో ముందే ఆస్పత్రికి తెచ్చీసినారు."

"మరి కూతేసినాడు కదా?"

పైడిరాజు తల దించుకున్నాడు. "ఇంజన్ ఇంకో డ్రైవరు తెచ్చినాడు. కూత నానే ఏసినాను."

జరిగింది జరిగినట్టు చెప్పమని షెడ్డులో అధికారులు అతన్ని అప్పటిదాకా పట్టుకుని కూర్చోబెట్టారట. ఈలోపల ఆస్పత్రిలో మా బావ అక్కని పిలవమని అడుగుతూనే ఉన్నాడు. ఎవరో మనిషిని పంపబోతే, 'ఇంటికి ఫైర్‌మన్ వెళ్లాడులే' అని ఇంకెవరో ఆపారు. మేము రిక్షాలో వెళ్లేసరికి కన్ను తీసేసి కట్టు కట్టారు. బావకి మత్తు వదులుతోంది. అక్క చేయి తడిమి, అతనికున్న అలవాటు ప్రకారం హాస్యంగానే అన్నాడు: "కొంచెం ముందొస్తే రెండు కళ్లతోటీ సూద్దునే నిన్ను."

ఆ హాస్యాన్ని మా అక్క జీవితమంతా మోసింది. ఇంటికొచ్చి, ఎండిపోయిన ఆ అన్నం గిన్నె తీసుకెళ్లి పైడిరాజు కాళ్లముందు బోర్లించింది. మళ్లీ అతను మా గుమ్మం ఎక్కలేదు. బావని బండి దింపి, సిగ్నలు లాంతర్లు తుడిచే దీపాల గదిలో పనిచ్చారు. అతనూ పైడిరాజూ గేటు దగ్గర టీ కొట్లో కలుసుకునేవారని ఊరందరికీ తెలుసు, అక్కకి తప్ప. అక్కకీ తెలుసని బావకి తప్ప.

ఇక ఈ ఆదివారం, కారు దిగేసరికి ముందు నాకు ఆ వాసన తగిలింది. బొగ్గుపొగ, వేడి నూనె, తడి ఇనుము. కడుపులో ఆకలి లేచింది. బొగ్గుపొగకి ఆకలి వేసే మనుషులు ఈ ఊళ్లో ఇంకెంతమంది మిగిలారో! ఇంజన్ మాత్రం పెళ్లికొడుకులా ఉంది. నల్లరంగు నిగనిగ, ఇత్తడి తళతళ. మా రోజుల్లో ఇంజన్ను ఎవరైనా ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, ఇప్పుడు ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని రావాలి. పిల్లలూ పెద్దలూ ఫోన్లెత్తి ఫొటోలు తీస్తున్నారు. పైన, కొలిమి వెలుతురులో, తెల్లజుట్టుతో బక్కపలచగా పైడిరాజు నిలబడి ఉన్నాడు.

"వెయ్యండి కూత!" అని కింద ఎవరో అరిచారు. అతను తాడు పట్టాడు. ఒక పొట్టి. రెండో పొట్టి. అప్పుడు జనంలో మా అక్కని చూశాడు. చేయి తాడుమీదనుంచి జారిపోయింది.

అక్క క్యారియర్‌తో సరాసరి ఇంజన్ మెట్లవైపు నడిచింది. నారింజ రంగు కోటు వేసుకున్న కుర్రాడు అడ్డం వచ్చాడు. "పెద్దోళ్లని పైకి ఎక్కనివ్వం మామ్మా." ఇక్కడ నేను పనికొస్తాననిపించింది. మేము ముగ్గురం ఎక్కి, ఇంజన్‌లోనే ఆ చివరిదాకా వెళ్లొస్తామన్నాను. కుర్రాడు బిత్తరపోయాడు. పోనీ, నడపకపోయినా ముగ్గురం పైన కూర్చుని ఫొటో దిగుతామన్నాను. కుదరదన్నాడు. అయితే ఈవిడొక్కర్తి ఎక్కి దిగుతుంది, వెనక నేను పట్టుకుంటాను, ఇంతకంటే తగ్గలేను, నాకు గిట్టదు అన్నాను. అతను నవ్వి పక్కకి తప్పుకున్నాడు. ఉష కిందే నిలబడిపోయింది, చేతులు కట్టుకుని.

మెట్లు నిటారు. అక్క ఒక్కో మెట్టుకీ ఆగుతోంది, వెనక నేను కాపు కాస్తూ ఎక్కుతున్నాను. ఒక చేత్తో క్యారియర్ వదలదు. నేను మనసులో సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటున్నాను: స్వామీ, అందులో ఉన్నది అన్నమే అయ్యుండాలి. అయినా, అన్నం గిన్నె కూడా బోర్లించగల మనిషేనని నాకు గుర్తే.

"వదినా..." అన్నాడు పైడిరాజు. వెనక్కి జరగడానికి చోటు లేదు, వెనక కొలిమి.

"ఆ రోజు కూత ఎందుకేసినావో నాను ఎప్పుడూ అడగనేదు రాజూ," అంది అక్క, ఆయాసపడుతూ. "ఇప్పుడు సెప్పు."

అతను కొలిమివైపు మొహం తిప్పుకుని అన్నాడు: "వేళకి కూత రాపోతే నీ గుండాగిపోద్దనుకున్నాను వదినా. నానే ఒచ్చి నోటితో సెబుదామని. ఈలోగా ఒక్క ముద్దైనా తినుంటావనుకున్నాను. కబురు ఇన్న తరవాత తినవు కదా."

"తిననేదు," అంది అక్క. "ఆయన రాకుండా ఎప్పుడు తిన్నాను?"

"అది నాకు తట్టనేదు వదినా. అంతకంటే ఏటీ నేదు."

నేను అక్క భుజం గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ చేయి క్యారియర్ పిడిమీద బిగుసుకుంది.  అక్క ముందుకి వంగి, పైడిరాజుతోనే మాట్లాడుతున్నట్టు, కానీ కిందున్న ఉషకి వినపడేటంత గట్టిగా అంది:

"నాను కూడా ఏసీసినాను రాజూ, దొంగకూత. ఈయన పోతన్నాడు. కూతుర్ని పిలుస్తన్నాడు. అది ఫోన్ సేసింది. రాత్రనగా ఏటీ తిననేదు పిల్ల. నిజం ఇంటే మరి తినదు, ఒక్క ముద్ద తిని వస్తాదని, 'పడుకున్నాడే' అనీసినాను. సాయంత్రం దాకా ఉంటాడనుకున్నాను. నిన్ను ఇన్నాళ్లు తిట్టిన నోటితోనే అనీసినాను."

పైడిరాజు మసి చేతులతో కళ్లు తుడుచుకుంటే మొహం మళ్లీ ఆనాటిలాగే అయింది. నేను కింద ఉషవైపు చూడలేకపోయాను. జీవితమంతా ఎదుటివాడి మొహం చూసి ధర చెప్పినవాణ్ని. ఆ ఒక్క మొహం చూడ్డానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు బండి ఎక్కడుందో ఫోన్లో చుక్కలా కనిపిస్తుంది. ఏ ఇల్లాలూ కూత కోసం చెవి ఒగ్గక్కర్లేదు. మనకి కావలసినవాళ్లు అన్నం తినాలన్న ఆత్రం మాత్రం అలాగే ఉంది, దానికోసం మనం ఆడే అబద్ధమూ అలాగే ఉంది. ఆవిరి పోయింది, కరెంటొచ్చింది. ఆ కూత మాత్రం నోటితో వేస్తున్నాం.

"ఏటి రాజూ, అలా సూస్తన్నావు?" అంది అక్క. "సగంలో ఆపీసినావు. మిగతాది ఎయ్యి. తోకతోటి ఎయ్యి, ఆ రోజు మర్సిపోనావు."

అయితే ఆవిడకి ఆ రోజే తట్టిందన్నమాట.

పైడిరాజు తాడు పట్టుకున్నాడు. రెండు పొట్టి. ఒక పొడుగు, షెడ్డు రేకులన్నీ వణికేటంత. చివర తాడు వదిలీ వదలకుండా, లేగదూడ తల్లిని వెతుక్కుంటున్నట్టు, తోక. నా నోరు నా మాట వినలేదు. ఈ వయసులో, అంతమంది జనంలో, నిక్కర్లేసుకున్న పిల్లలు నవ్వుతుంటే, "అక్కా, ఎసరూ!" అని అరిచేశాను.

అక్క అప్పటికే దిగడానికి వెనక్కి తిరిగింది. మెట్లు ఎక్కడంకంటే దిగడం కష్టం. ముందు నేను దిగి, కింద పాదం ఆనించడానికి చోటు చూపిస్తున్నాను. ఆఖరి మెట్టు దగ్గర ఒక చేయి వచ్చి ఆవిడ చేతిలోని క్యారియర్ అందుకుంది. ఉష. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లి మొహంలోకి చూడలేదు. ఎత్తి బరువు చూసింది.

"ఏటి తెచ్చినావు ఇంత?"

"సేపల పులుసు." అంది అక్క. "సల్లారిపోయుంటాదే."

ఉష షెడ్డు గోడ పక్క నీడలో అరుగుమీద కూర్చుంది. క్యారియర్ విప్పి, పైగిన్నె మూత తీసింది.

"పరవాలేదు, పెట్టు," అంది.